గచ్చకాయ రంగు చీర

మొన్న మంగళవారం పొద్దున బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందే" అన్నాడు. వెనక నుంచి మామయ్య గొంతు వినిపించింది. పుట్టింటి చీర వస్తుందో రాదో కనుక్కోరా అంటున్నాడు. నేను నాన్నవైపు చూశా. నందిగామలో మా ఇంటి వసారాలో కూర్చుని చెప్పులు వేసుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు.

పోయింది మా మేనత్త. నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. మీలో చాలామంది ఆవిడ ప్రేమకథలు చదివే ఉంటారు. ముందు వారపత్రికలో సీరియల్స్‌గా వచ్చేవి, అది మూతపడ్డాక ఫోన్లో వచ్చేవి. పేరు రాయను. జగ్గయ్యపేటలో అందరికీ రచయిత్రిగారు, నాకు అత్త, అంతే చాలు.

మావైపు ముత్తైదువ పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అది కప్పందే పాడె లేవదు. తాతయ్యా నానమ్మా ఎప్పుడో పోయారు కాబట్టి తేవాల్సింది నాన్నే. ఆ నాన్న చెల్లెలితో మాట్లాడక పదిహేనేళ్ళ పైమాటే. ఎందుకు మాట్లాడలేదో చెప్పకుండా అత్త ఎలాంటి మనిషో చెప్పడం నావల్ల కాదు.

అత్త రాసేది వంటింటి గుమ్మం దగ్గర. బల్లా కుర్చీ ఏం లేవు. పీట మీద కూర్చుని, బావ పదో తరగతి పరీక్షలకి కొన్న అట్ట ఒళ్ళో పెట్టుకుని రాసేది. పొయ్యి మీద పప్పు, ఒళ్ళో ప్రేమకథ. పప్పు అడుగంటిన వారం కథలో మొగుడూ పెళ్ళాలకి గొడవ తప్పదని మామయ్య ఎగతాళి చేసేవాడు. ఎక్కడైనా మాట కుదరకపోతే వాకిట్లోకొచ్చిన కూరగాయలావిడని కూర్చోబెట్టి, నీ మొగుడు ఇట్లా అంటే నువ్వేమంటావమ్మా అని అడిగేది. ఆవిడ ఏమంటే అదే రాసుకునేది. నోటికి రాని మాట కాగితం మీద ఎందుకే అనేది నాతో. బుధవారం పత్రిక వచ్చిందంటే ఇక గురువారం బజార్లో అత్తని నడవనిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళిద్దర్నీ కలుపుతారా లేదా, ఆ అత్తగారికి గడ్డి పెట్టరా అని ఆడవాళ్ళంతా చుట్టూ చేరేవాళ్ళు. అత్త నవ్వుతూ వంకాయలు ఏరుకునేది. ఒక్కదానికీ జవాబు చెప్పేది కాదు, మహా గడుసుది.

"ప్రేమించడం ఎవరైనా ప్రేమిస్తారే. ఆ మాట నలుగురిలో చెప్పడమే కథ" అనేది. ఆవిడ ప్రతి సీరియల్లోనూ అలాంటి రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు కథలో పిల్ల గచ్చకాయ రంగు చీర కట్టుకుని నలుగురి మధ్యకీ వస్తుంది. పిల్ల బీరువాలోంచి ఆ చీర తీసిందని రాసి ఆపేస్తే, పై వారం పత్రిక కొట్టు తెరవకముందే జనం నిలబడేవాళ్ళు. ఎందుకత్తా ఆ రంగు, బూడిద పూసినట్టుంటుంది అని అడిగా ఒకసారి. తన పెళ్ళికి బెజవాడలో చీరలు తీస్తుంటే ఆ రంగు పట్టుచీర మనసుకి పట్టిందట. వాళ్ళ అన్నయ్యకి, అంటే మా నాన్నకి, చూపించిందట. పెళ్ళికూతురు బూడిద రంగు కడుతుందా అని నవ్వి ఎర్రది కట్టించాడట నాన్న. "ఎర్రది బానే ఉందిలే. నేను రెండోసారి అడగలేదు చూడు, అదీ నా బాధ" అంది చిక్కుడుకాయలు ఒలుస్తూ.

ఇక నా సంగతి. నేను పుట్టిన రోజే బావకి పెళ్ళాం పుట్టిందన్నారు మావాళ్ళు. మేనరికం అంటే మా ఇళ్ళల్లో అడిగేదీ చెప్పేదీ ఏమీ ఉండదు. బావ మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఏదో ఒక వంక దొరికేది. నేనేమో నాతోపాటు బీఈడీ చదివే చందర్లపాడు అబ్బాయి మీద మనసు పారేసుకున్నా. కులం వేరు. నాన్నకి తెలిస్తే ఏమవుతుందోనని తిండి సహించేది కాదు. ఈలోగా నాన్న తాంబూలాలకి రోజు ఖాయం చేసేశాడు.

దానికి కొద్దిరోజుల ముందు అత్త నన్ను వేదాద్రి తీసుకెళ్ళింది. నరసింహస్వామి దర్శనం అయ్యాక కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చోబెట్టి, మా వాడంటే ఇష్టమేనా నీకు అని అడిగింది. మీ ఇష్టం అత్తా అన్నా. నా మొహంలోకి చూసి, నా కథల్లో ప్రతి పిల్లా మొదటి వారం అనే మాట ఇదే అంది. నిజం చెప్పవే అని బతిమాలింది. నేను నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నా.

తాంబూలాలు మా ఇంట్లోనే. చుట్టాలతో వసారా నిండిపోయింది. బావ కొత్త చొక్కా వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. అత్త చీరా పూలూ పళ్ళూ ఉన్న పళ్ళెం ఎత్తుకుని నా ముందుకొచ్చింది. పంతులుగారు కానివ్వమ్మా అన్నారు. అత్త ఇవ్వలేదు. పళ్ళెం చేత్తో పట్టుకునే, అందరికీ వినపడేట్టు అడిగింది.

"చెప్పవే తల్లీ. మా వాణ్ణి చేసుకోవడం నీకిష్టమేనా?"

ఆ మాట మా ఇళ్ళల్లో ఎవరూ ఎప్పుడూ ఏ పిల్లనీ అడిగి ఎరగరు. నేను పీట అంచు పట్టుకుని తలొంచుకున్నా. ఎవరో పెద్దాయన మౌనం అర్ధాంగీకారమని నవ్వాడు, ఇంకో ఇద్దరు ఔనౌనన్నారు. అత్త ఆయనవైపైనా చూడలేదు. సగం ఒప్పుకోలు మీద నేను పెళ్ళి చెయ్యనండీ, పిల్ల నోటంట వినాల్సిందే అంది. పళ్ళెం బరువుగా ఉన్నా దించలేదు. నాన్న పళ్ళు కొరుకుతూ నన్నే చూస్తున్నాడు. ఏడుపొచ్చేసింది నాకు. మాట రాలేదు, తల మాత్రం అడ్డంగా ఊపా.

అత్త పళ్ళెం కింద పెట్టేసింది. "అన్నయ్యా, పిల్లకి ఇష్టం లేదు. ఇక లేద్దాం" అంది. నాన్న లేచి నిలబడ్డాడు. ఆ కథల పిచ్చితో నలుగురిలో నా పరువు తీశావు, ఇక ఈ గడప తొక్కొద్దు, నీకు పుట్టిల్లు లేదనుకో అన్నాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అత్త తలొంచుకున్న కొడుకు చెయ్యి పట్టుకుని లేపి, నడిపించుకుని వెళ్ళిపోయింది. చేతిదాకా వచ్చిన కోడల్ని కాదనుకుంది, కొడుకు మొహం చిన్నబుచ్చింది, పుట్టిల్లు పోగొట్టుకుంది. అదంతా నా కోసం.

తర్వాత ఒకసారి ఫోన్లో అడిగా, అంతమందిలో ఎందుకత్తా, వేరే దారే లేదా అని. చాటుగా చెప్పినమాట చాటుగానే నొక్కేస్తారే, నలుగురిలో అన్నదాన్ని మళ్ళీ మింగించలేరు అంది. ఆ మాట పట్టుకునే, ఇంకో సంబంధంవాళ్ళు చూడ్డానికొచ్చినప్పుడు వాళ్ళ ముందే నోరు తెరిచి చెప్పేశా, చందర్లపాడు అబ్బాయిని తప్ప ఎవర్నీ చేసుకోనని. నాన్న ఏడాది పాటు నా మొహం చూడలేదు గాని చివరికి మెత్తబడ్డాడు. పెళ్ళికి రమ్మని అత్తకి ఫోన్ చేస్తే, "నేనొస్తే మా అన్నయ్య లేచి వెళ్ళిపోతాడే. కన్యాదానానికి ఆయన చేతులు కావాలి నీకు" అంది. రాలేదు.

అత్త రాతలు మా ఇంట్లోకి రాకూడదని నాన్న శాసనం. అమ్మ పక్కింట్లో కూర్చుని చదువుకునేది. నాన్న ఇంట్లో గడ్డం గీసుకోవడం కూడా మానేసి, బుధవారం బుధవారం బస్టాండు దగ్గర సెలూన్‌కి పోయేవాడు. వెళితే ఒక పట్టాన వచ్చేవాడు కాదు. ఇంట్లో మొహం చూసుకోబుద్ధి కావట్లేదేమోనని అమ్మ కుమిలిపోయేది. ఈమధ్య టచ్ ఫోన్ కొనిపించుకున్నాడు. వాన ఎప్పుడొస్తుందో చూసుకోవాలట. ఎండాకాలంలో కూడా అదే చూస్తూ కూర్చునేవాడు, ఎవరన్నా వస్తే బోర్లించేవాడు.

ఇదండీ కథ. మొన్న మంగళవారం నాన్న ఒంటి చెప్పుతో కూర్చునే ఉన్నాడు. బావ మళ్ళీ ఫోన్ చేశాడు. ఎండెక్కకముందే తియ్యాలంటున్నారట. అన్న రాకపోతే వరసకి అన్నయ్యే వాడెవడిచేతైనా కప్పిద్దామని పెద్దలు అంటున్నారట. అమ్మ బీరువాలోంచి ఎర్ర చీర ఒకటి తెచ్చి, ఏమండీ అని ఆయన ముందు నిలబడింది. నాన్న మొహం తిప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పెళ్ళి వద్దన్నది నేను నాన్నా. నన్ను ఇంట్లో పెట్టుకుని ఆవిణ్ణి వెలేశావు. ఇవాళ కూడా పరాయివాడిచేత చీర కప్పిస్తావా?"

నాన్న నావైపు చూడలేదు. రెండో చెప్పు వేసుకున్నాడు. మీ ఆయన్ని కారు తియ్యమను అన్నాడు; ముందురోజే నాతో వచ్చి ఉన్నాడాయన. అమ్మ ఎర్ర చీర అందించబోతే, అది కాదు అన్నాడు.

బజార్లో చీరల కొట్టు అప్పుడే తెరుస్తున్నారు. ఊడ్చుకోనిమ్మంటున్నా వినకుండా నాన్న లోపలికెళ్ళి గచ్చకాయ రంగు పట్టుచీర కావాలన్నాడు. నేనూ అమ్మా గుమ్మంలో నిలబడిపోయాం. కొట్టతను తీసి పరిచినవన్నీ నాన్న చేత్తో పక్కకి నెట్టేస్తున్నాడు. బయట నుంచి మా ఆయన హారన్ కొడుతున్నాడు. బావ నుంచి ఫోన్ మోగుతోంది.

"అట్లా నీలం తిరక్కూడదయ్యా. పంచాయితీ రోజు కట్టుకుందే ఆ పిల్ల, మొన్నటి సీరియల్లో. వాన పడబోయే ముందు మబ్బులా ఉందని రాసింది. ఆ రంగు ఉండాలి" అన్నాడు నాన్న.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బుధవారాలు" అంది మెల్లగా. ఒక్క వాక్యం ముట్టుకోనన్న మనిషి ముందు సెలూన్లో, తర్వాత ఫోన్లో, ఒక్క వారం కూడా వదల్లేదని అప్పుడు తెలిసింది మాకు. అంత చదివినవాడు జగ్గయ్యపేట దాకా ఎందుకు పోలేకపోయాడని కోపమొచ్చింది. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు.

చిల్లకల్లు దాటినా నాన్న చీర సంచి ఒళ్ళోంచి దించలేదు. మేము వెళ్ళేసరికి పాడె కట్టేసి ఉంది. మామయ్య నాన్నని చూసి అరుగు మీంచి లేచాడు. జనం పక్కకి తప్పుకున్నారు. వాళ్ళల్లో కూరగాయలావిడ ఉంది, బజారు ఆడవాళ్ళంతా ఉన్నారు. నాన్న సంచిలోంచి చీర తీశాడు. మామయ్య మేనత్త ఒకావిడ గొంతెత్తి, ముత్తైదువకి పసుపో ఎరుపో తెస్తారుగాని ఈ బూడిద రంగేంటయ్యా అంది. ఇంకెవరో ఔనన్నారు. నాన్న చీర పట్టుకుని నిలబడిపోయాడు. మళ్ళీ వెనక్కి తగ్గుతాడేమో అనుకున్నా.

"మా చెల్లికి ఇదే ఇష్టం" అన్నాడు.

అది దగ్గరున్నవాళ్ళకి తప్ప వినపడలేదు. నాన్న చుట్టూ చూశాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి వాకిట్లో ఉన్నవాళ్ళకి కూడా వినపడేట్టు.

బావ వచ్చి ఓ పక్క పట్టుకుంటే ఇద్దరూ కలిసి చీర మడతలు విప్పి అత్తకి కప్పారు. కొంగు మీద కొట్టువాళ్ళ చీటీ అతుక్కుని ఉంది, తొందరలో ఎవరం చూసుకోలేదు. నాన్న చెల్లెలి పక్కన గొంతుకూర్చుని దాన్ని గోటితో మెల్లగా గీకుతున్నాడు. అది ఒకపట్టాన ఊడి రావట్లేదు. టైమవుతోందని ఎవరో అంటున్నారు. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని, పట్టు పోగు లేవకుండా, గీకుతూనే ఉన్నాడు.