నాన్న కొట్టాల్సిన గుమ్మడికాయలు

గుమ్మడికాయను ఆడది కొట్టకూడదు. మా మంగళగిరిలో అందరికీ తెలిసిన నియమం ఇది. మగవాడు కత్తితో రెండు చెక్కలు చేశాకే ఆడవాళ్ళు కత్తిపీట ముందేసుకోవాలి. ఎందుకని అడిగితే పాపమనేవారు. ఎవరికని అడిగితే పోయి మగ్గానికి నూలు కండెలు చుట్టుకోమనేవారు.

యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మా మగ్గం ఆగిపోయింది. నాన్న తొలకరి పడగానే, బూడిదలో దాచిన గుమ్మడి గింజలు నాలుగు దొడ్లో పాతి, షోలాపూర్ మిల్లులో పని చూసుకుంటానని బెజవాడలో రైలెక్కాడు. చేరాక ఒక ఉత్తరం రాశాడు. అందులో సగం మా బాగోగులు, సగం తీగకు పేడనీళ్ళు పోయమని. అమ్మ పోసింది. తీగ మగ్గం పాక ఎక్కి, పక్కింటి గోడెక్కి, ఎవరినీ అడక్కుండా కాసింది. పుష్యమాసానికి తొమ్మిది కాయలు, ఒక్కోటి మా చెల్లెలంత బరువు. ఖాళీ మగ్గం పక్కన వరసగా పెట్టాం. రెండో ఉత్తరం మాత్రం రాలేదు.

మా వీధిలో గుమ్మడికాయలు కొట్టేది ఎదురింటి తాతగారు. ఆ పదవి ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. కత్తి పదునుగా ఉండేది, అంతే. వారానికోసారి వచ్చి, “కొట్టేదా అమ్మాయ్?” అనేవారు.

“ఆయనొచ్చి కొడతారు లెండి బాబాయిగారూ. ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయంట,” అనేది అమ్మ.

ఉత్తరం సంగతి ఆయన అడగనేలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉండేది అమ్మ వరస.

రేషను బియ్యం నెలాఖరు దాకా వచ్చేవి కావు. మేం గంజి తాగుతూ ఆ కాయల్ని చూసేవాళ్ళం. నాకు నాన్న మీద బెంగకంటే కాయల మీద ఆశే ఎక్కువ. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గాని, అప్పుడు లేదు.

ఎండలు ముదిరాక కాయలు ఒక్కొక్కటే మెత్తబడ్డాయి. కుళ్ళినదాన్ని అమ్మ చప్పుడు చెయ్యకుండా పెంట మీద పారేసి, చోటు తుడిచేది. కుళ్ళిన కాయ గింజ పాతకూడదని ఇంకో నియమం. మళ్ళీ తొలకరి వచ్చేసరికి ఒక్క కాయ మిగిలింది.

ఆ రోజు పొద్దున్నే అమ్మ తనే వెళ్ళి తాతగారిని పిలిచింది. ఆయన కత్తితో వచ్చి కాయ ముందు కూర్చున్నారు. రెండుసార్లు తట్టి చూసి, కత్తి పక్కన పెట్టేశారు.

“గట్టిగానే ఉందమ్మాయ్. ఇంకో వారం ఆగుతుంది,” అన్నారు.

ఆర్నెల్లుగా కొట్టేదా, కొట్టేదా అని ప్రాణం తీసిన మనిషి! నాకు ఒళ్ళు మండింది.

“కొట్టండి బాబాయిగారూ,” అంది అమ్మ. “విత్తనాలు కావాలి. ఈ ఏడు నేను పాతుకోవాలి.”

ఆయన మాలో ఎవరి వైపూ చూడకుండా కొట్టారు. అమ్మ గింజలు కడిగి ఎండబెట్టింది. ఉన్న కాస్త బెల్లం వేసి పులుసు పెట్టింది. నేను మూడుసార్లు వేయించుకున్నాను. చెల్లెలు మాత్రం, నాన్నకు కాస్త ఉంచమంది.

అమ్మ గిన్నె ఊడ్చి, ఆ మిగిలింది కూడా దాని కంచంలోనే వేసింది.