శుక్రవారం పొద్దు కుంకాక

మా లెక్కల మాస్టారు రిటైరైనప్పుడు సన్మాన సభ ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. అరవైల్లో సంగతి. నూజివీడులో నేను చదివిన బడిలోనే టెంపరరీ టీచరుగా చేరి అప్పటికి రెండేళ్లు. నా ఉద్యోగం ఖాయం చెయ్యాల్సింది బడి కమిటీ ప్రెసిడెంటుగారు. ఆయన మామిడికాయల వ్యాపారి. మంచివాడే కానీ మాట పడడు. ఆయన ఎదుట నాకు నోరు పెగిలేది కాదు.

మాస్టారు కొచ్చిన్ నుంచి వచ్చిన యూదులు. పాతికేళ్లకు పైగా మా ఊళ్లో ఉండి మాకన్నా మంచి తెలుగు మాట్లాడేవారు. శనివారం వాళ్లకు పవిత్రమైన రోజు. ఆ రోజు ఆయన నిప్పు వెలిగించరు, సుద్దముక్క పట్టరు. లెక్క నోటితో చెబితే మాలో ఒకరం బోర్డు మీద చేసేవాళ్లం. ఊరందరికీ తెలిసిన విషయమే, ఎవరూ తప్పు పట్టలేదు. రిటైరయ్యాక భార్యతో ఇజ్రాయెల్ వెళ్లిపోతున్నారని తెలిశాక మాత్రం ఊరు కాస్త ముఖం ముడుచుకుంది. ప్రెసిడెంటుగారు స్టాఫ్ రూములో అందరి ముందూ అడిగేశారు.

"ఇక్కడ మీకేం తక్కువైంది మాస్టారూ?"

"ఏమీ తక్కువ కాలేదండీ. జెరూసలేం చేర్చమని మా నాన్న బతికినన్నాళ్లూ రోజుకు మూడుసార్లు ప్రార్థన చేశాడు. ఇప్పుడు దారి తెరుచుకుంది. నేను కదలకపోతే ఆయన ప్రార్థన ఉత్త నోటిమాట అయిపోదూ?"

"మరి ఇన్నాళ్లూ మా ఊరు, మా ఊరు అన్నారే?"

"అదీ నిజమేనండీ."

ప్రెసిడెంటుగారికి ఆ జవాబు రుచించలేదు. ఒక మనిషికి రెండు చోట్లూ సొంతం ఎలా అవుతాయన్నది ఆయన బాధ. నాకూ అప్పట్లో పూర్తిగా అర్థమైందని చెప్పను.

సభ శనివారం పెడదామని అందరూ అంటే నేనే అడ్డుపడి శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు మార్పించాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆహ్వానం కార్డు ఇచ్చినప్పుడు మాస్టారు టైము చూసి, "ఐదున్నరకే మొదలవుతుంది కదమ్మా?" అన్నారు. ఠంచనుగా మొదలవుతుందన్నాను. మామిడి కోతల రోజుల్లో మా ఊళ్లో ఆ మాట అనడానికి ఎంత ధైర్యమో.

ఐదున్నరైంది. లారీ లోడవుతోంది, వచ్చేస్తున్నానని ప్రెసిడెంటుగారు కబురు పంపారు. ఆరు దాటింది. మాస్టారి భార్య లేచి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయారు. ముందు వరసలో ఖాళీ కుర్చీ చూసి నాకు ఒళ్లు మండింది. మాస్టారు కిటికీలోంచి తోటల మీదకు దిగుతున్న పొద్దును చూస్తున్నారు.

"అమ్మగారికి ఒంట్లో బాగాలేదాండీ?" అన్నాను.

"దీపాలు పెట్టడానికి వెళ్లిందమ్మా. పొద్దు కుంకితే మాకు శనివారం వచ్చేసినట్టే. ఇక నిప్పు ముట్టకూడదు."

చేతిలో ఉన్న కార్డు మళ్లీ చూశాను. మనకు తెల్లవారితేనే వారం మారుతుంది, శుక్రవారం రాత్రి కూడా శుక్రవారమే. వాళ్ల లెక్క వేరని నాకు తట్టనే లేదు. మాస్టారు జ్యోతి వెలిగించి సభ ప్రారంభిస్తారని కార్డులో అచ్చు వేయించింది కూడా నేనే.

"కంగారు పడకు. ప్రెసిడెంటుగారు రాగానే సంగతి చెప్పి, ఆయన్నే వెలిగించమను" అన్నారు మాస్టారు.

"చెబుతానండీ."

ప్రెసిడెంటుగారు వచ్చేసరికి ఏడు కావస్తోంది. చొక్కా నిండా మామిడి సొన మరకలు. లారీ డ్రైవరు మీద కోపం ఇంకా దిగలేదు. ఎదురెళ్లాను.

"ఏంటమ్మా, అంతా సిద్ధమేనా?"

"సిద్ధమేనండీ."

అంతకుమించి ఒక్క ముక్క బయటికి రాలేదు. ఆయన తిన్నగా వేదికెక్కి, కొవ్వొత్తి వెలిగించి మాస్టారి ముందుకు చాపారు. మాస్టారి చేతులు లేవలేదు.

"క్షమించండి. నేను వెలిగించకూడదండీ. పొద్దు కుంకింది, మాకు శనివారం మొదలైపోయింది."

"కార్డు మీ చేతికొచ్చి వారమైంది. ఇప్పుడా చెప్పడం? ఎవరితోనైనా అన్నారా?"

నేను దండల పళ్లెం పట్టుకుని వేదిక పక్కనే ఉన్నాను. మాస్టారు నా వైపు ఒక్కసారి చూశారు. నేను పళ్లెంలోకి చూశాను.

"లేదండీ. మరిచిపోయాను. తప్పు నాదే" అన్నారు.

శనివారం మొదలైన గంటలోపే మాస్టారు నా కోసం అబద్ధమాడారు.

"వెళ్లిపోయేవాళ్లకు మా దీపం ఎందుకులెండి" అని ప్రెసిడెంటుగారు తానే వెలిగించేసి కూర్చున్నారు. మాట్లాడాల్సినవాళ్లు తలా రెండు ముక్కలు చెప్పి ముగించారు. పాతికేళ్ల చాకిరీకి దక్కిన సన్మానం అంతే. మెడలో దండతో మాస్టారు ఒక్కరే నడిచి ఇంటికి వెళ్లారు.

ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. పెట్టెలు సర్దుతున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. "రేపే వెళ్లి ప్రెసిడెంటుగారికి నిజం చెప్పేస్తానండీ" అన్నాను.

"వద్దమ్మా. చెబితే ఆయన కోపం నీ మీదకు తిరుగుతుంది. నేనెలాగూ వెళ్లేవాణ్ణి. నువ్వు ఇక్కడ ఉండాల్సినదానివి."

ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోవాలి నేను. సిగ్గుపడ్డాను కూడా, కానీ తర్వాత. ముందు కలిగింది హమ్మయ్య అన్న నిశ్చింత. మాస్టారు అప్పుడు నా ముఖంలోకే చూస్తున్నారు.