వాజిద్ ఎక్కిన మంచు మిద్దె

మార్కాపురంలో ఎవరింట్లో పెళ్లి జరిగినా, ఎవరింట్లో పెద్దకర్మ జరిగినా ముందు కబురు వెళ్లేది షామియానా వాజిద్‌కే. శివరాత్రికి దోర్నాల దారిలో నడిచిపోయే భక్తులకు మజ్జిగ పందిరి వేసేదీ ఆయనే, పీర్ల పండుగకు గుంజలు పాతేదీ ఆయనే. గుడ్డ గురించి, తాడు గురించి, గాలి గురించి తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఊళ్లో ఇంకొక్కరికైనా ఉంటే బాగుండునని ఆయన భార్య ఖదీజా అప్పుడప్పుడూ అంటూ ఉంటుంది.

వాళ్లకు ఒక్కతే కూతురు, షాహీన్. బ్యాంకులో ఆఫీసరు. ఏ గిద్దలూరుకో కంభానికో వేస్తారనుకుంటే, ఎక్కడో హిమాచల్ ప్రదేశ్‌లో లాహౌల్ లోయలో వేశారు. ఆ ఊరి పేరు వాజిద్ నోట్లో ఎప్పుడూ ఒకేలా పలకలేదు. అడిగినవాళ్లకల్లా ఒక్కో పేరు చెప్పి, చివరికి "మంచు పడే ఊరులే" అని ముగించేవాడు.

చలికాలం మొదలవుతుండగా, పిల్లకు రజాయిలు, పచ్చళ్లు ఇచ్చి వస్తానని వాజిద్ బయలుదేరాడు.

"డిసెంబర్లో ఈడనే వేన్నీళ్లు లేకపోతే మొహం కడగరు. ఆడ మంచులో మీరేం చేస్తారండీ?" అంది ఖదీజా.

"బిడ్డ ఉండంగా నేనుండలేనా? ఇచ్చి ఇట్ల వచ్చేస్తా," అన్నాడు వాజిద్, మంకీ టోపీ ఇంట్లోనే పెట్టుకుని చెమటలు కక్కుతూ.

షాహీన్ అద్దెకుంటున్న ఇల్లు ఒక ముసలామెది. పేరు అంగ్మో. సన్నగా, చిన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి అల్లుతూ ఉండేది. రాతి గోడలు, పైన కొయ్య దూలాలు, వాటి మీద చదునుగా మట్టి కప్పు. ఆ కప్పు చూడగానే వాజిద్‌కు సొంతూరు వచ్చినంత సంబరమైంది.

"ఇది మన మిద్దే కదరా షాహీన్! అర్ధవీడులో మా నానీ ఇల్లు, మా అమ్మ పుట్టినిల్లు, అచ్చం ఇట్లనే ఉండేది. దూలాలు, మీద కంప, మీద చౌడు మన్ను. ఈ కప్పు సంగతి ఈమెకన్నా నాకే బాగా తెలుసు."

"అబ్బా, ఆమె ముందర ఆ మాట అనొద్దు," అంది షాహీన్ తండ్రితో.

ఆయన అన్నాడు. తన దక్కనీ ఉర్దూలో చేతులు తిప్పుతూ వివరంగానే చెప్పాడు. అంగ్మోకు ఎంత అర్థమైందో గానీ, తల పంకించి టీ పోసింది. అందులో ఉప్పూ వెన్నా ఉన్నాయి. వాజిద్ మర్యాద కోసం తాగి, ఆ రోజంతా మళ్లీ టీ మాట ఎత్తలేదు.

తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకున్న రోజే మంచు పట్టుకుంది. ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఖదీజాకు వీడియో కాల్ చేసి, "చూడు, పైన ఎవరో కూర్చుని దూది ఏకుతున్నట్టు లేదూ!" అని మురిసిపోయాడు. తెల్లారేసరికి రోడ్డు మూసేశారన్న కబురు వచ్చింది. ఊళ్లో ప్రతి ఇంటి కప్పు మీదా మనుషులే. ఆడా మగా చెక్క పారలు పట్టుకుని మంచును సందులోకి తోస్తున్నారు. అంగ్మో కూడా నిచ్చెనెక్కి ఎప్పుడో పైకి చేరింది.

ముసలామె పైనుండగా తాను కింద కూర్చోవడం వాజిద్‌కు నచ్చలేదు. ఇంటి పక్కన కట్టెల మీద కట్టిన టార్పాలిన్ ఆయన కంట పడింది. మంచు బరువుకు అది కడుపులా కిందికి దిగి ఉంది. గుడ్డ, తాడు, నాలుగు గుంజలు. ఇంక చెప్పేదేముంది!

"వానకు షామియానాలో నీళ్లు నిలబడితే ఏం చేస్తాం? కింద నుంచి కర్రతో ఒక్క పోటు పొడిస్తాం, అంతా జారిపోతది. చూస్తుండు," అని కూతురికి చెప్పి, పొడవాటి కర్ర తీసుకుని కిందికి దూరాడు.

నీళ్లయితే జారిపోయేవి. మంచు జారలేదు. ఒక్కసారిగా కూలింది. టార్పాలిన్, గుంజ, కర్ర, వాజిద్, అన్నీ ఒకే కుప్పలో కలిసిపోయాయి. అంగ్మో దిగి వచ్చి, షాహీనూ తానూ కలిసి మంచు తవ్వారు. ముందు మంకీ టోపీ, తర్వాత మీసాలు బయటపడ్డాయి.

"మీ ఊళ్లో స్నానం ఇలాగే చేస్తారా?" అని హిందీలో అడిగింది అంగ్మో, ఎంతో మర్యాదగా.

ఆ మాట వాజిద్‌ను రెండు రోజులు పొడిచింది. ఎలాగైనా పరువు నిలబెట్టుకోవాలి. మళ్లీ మంచు పడి ఆగిన పొద్దున, అంగ్మో పొరుగింటికి వెళ్లిన సమయం చూసి నిచ్చెనెక్కాడు. చెక్క పార అక్కడే గోడకు ఆనించి ఉంది. దాన్ని చూస్తే ఆయనకు బిర్యానీ తిప్పే గరిటె గుర్తొచ్చింది. ఇది వంటింటి సరంజామా అనుకుని, పశువుల కొట్టంలో ఉన్న ఇనప పార తెచ్చుకున్నాడు. పెళ్లి మండపం ఊడ్చినట్టు మూలమూలలా గీకి, మంచు రవ్వంతైనా మిగలకుండా మట్టి కనిపించేదాకా తీశాడు. నడుం మీద చేయి పెట్టుకుని ఫోటో దిగి మార్కాపురం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. శెభాష్ వాజిదన్నా అంటూ వరసగా దండాలు వచ్చాయి.

మధ్యాహ్నం ఎండ కాసింది. అంగ్మో వంటింట్లో, సరిగ్గా టీ గిన్నెలోకి ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. ఆమె తల ఎత్తి కప్పు వైపు చూసింది. తర్వాత వాజిద్ వైపు చూసింది.

"ఇనప పారతో తీశావా?"

"శుభ్రంగా తీసినా," అన్నాడు వాజిద్. గొంతులో అప్పటికే జోరు తగ్గింది.

"నువ్వు తీసింది మంచును కాదు. నా కప్పును," అంది ఆమె.

అరవలేదు. అరిచి ఉంటే వాజిద్‌కు తేలికగా ఉండేది. పలచగా ఒక పొర మంచు మట్టి మీద ఉండనివ్వాలనీ, అదే మట్టికి దుప్పటనీ, చెక్క పార అయితే మన్నును కోయదనీ ఆమె నెమ్మదిగా చెప్పింది. వాజిద్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని గోంగూర కూడా కలుపుకోలేదు.

"రోడ్డు తెరవంగానే పోతానమ్మా. ఈడ నేను చేసే ప్రతి పనీ చెడిపోతాండాది," అన్నాడు కూతురితో.

"పోదురుగాని అబ్బా. ముందు కప్పు బాగుచేసి పోండి," అంది షాహీన్.

నేలంతా గడ్డకట్టి ఉంటే మట్టి ఎక్కడ దొరుకుతుంది? కానీ ఇలాంటి మహానుభావులు ఎవరో ఒకరు వస్తారని తెలిసినట్టు, అంగ్మో కొట్టంలో ఎండుమట్టి బస్తా దాచి ఉంచింది. మర్నాడు వేడినీళ్లు పోసి, తరిగిన గడ్డి కలిపి వాజిద్ కాళ్లతో తొక్కాడు. చిన్నప్పుడు నానీ ఇంట్లో మన్ను తొక్కిన కాళ్లే అవి. ఆమె చూపించిన చోటల్లా మెత్తి, చెక్కతో తట్టాడు. ఈసారి ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అదేదో జబ్బేమోనని షాహీన్ నుదురు తాకి చూసింది.

అసలు మంచు ఆ తర్వాత పడింది. రెండు పగళ్లు, రెండు రాత్రులు ఆగలేదు. కరెంటు పోయింది, బ్యాంకు తెరవలేదు. మూడోనాడు పొద్దున అంగ్మో మెట్టు మీద జారి మోకాలు పట్టుకుని కూర్చుంది. పైన దూలం ఒకటి టక్కుమంది. ముగ్గురూ పైకి చూశారు.

వాజిద్ లేచి చెక్క పార అడిగి తీసుకున్నాడు. అంగ్మో తాడు ఇచ్చి, ఒక కొస కప్పు మీది గుంజకు, ఇంకో కొస నడుముకు కట్టుకోమంది. ముడి ఎలా వేయాలో చెప్పబోతే, "అమ్మీ, ఈ ఒక్కటీ నాకు ఒదిలిపెట్టు," అని బతిమాలి తానే కట్టుకున్నాడు. ఆ ముడిని ఆమె రెండుసార్లు లాగి చూసి, ఇంక ఎక్కమని చెయ్యి ఊపింది. ఆ శీతాకాలంలో ఆయనకు దక్కిన మొదటి మెప్పు అదే.

ఆమె గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని కేకలు వేసింది. "ఒకే పక్క తీయకు, ఇల్లు ఒరుగుతుంది! ఇటు కొంచెం, అటు కొంచెం! కింద మనుషులున్నారేమో చూసి తొయ్యి!" షాహీన్ ఒక పక్క, వాజిద్ ఒక పక్క. ఈ మంచు దూదిలా లేదు. తడిసిన ఇసుకలా ఉంది. మీసాలు గడ్డకట్టాయి, చేతులు తన చేతుల్లా లేవు. పార దింపినప్పుడల్లా కాళ్ల కింద కప్పు సన్నగా అదిరేది. దీని కిందే కదా నా బిడ్డ పడుకునేది అనుకున్నాడు వాజిద్. ఆ తర్వాత ఆయనకు చలి గుర్తు రాలేదు.

పొర మిగిల్చి పని ముగించి నడుం ఎత్తేసరికి, సందు అవతల కేకలు. పొరుగున ఉన్న ముసలి దంపతుల పశువుల కొట్టం కప్పు నడుమ వంగిపోయింది. అందరూ అటే పరుగెత్తారు. వాజిద్ నడుం తాడు విప్పుకుని వాళ్లతో పోయాడు. కొందరు ఆవులను బయటికి తోలుతుంటే, వాజిద్‌తో పాటు ఇంకొందరు పైకెక్కి మంచు తోశారు. చివరి దూడ బయటికి వచ్చిన కాసేపటికి కొట్టం ఒక మూల కూలింది. మిగిలిన కప్పు నిలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆ ఊపులో వాజిద్ కప్పు అంచుకు పోయాడు. అది అంచు కాదు, అంచు దాటి వేలాడుతున్న మంచు. అడుగు వేయగానే ఆయన సందులో ఉన్న కుప్పలోకి చంకల దాకా దిగబడ్డాడు. రెండు చేతులూ పైకి, పార ఒకటి మాత్రం గట్టిగా పట్టుకుని! ఊరంతా అటు పరుగెత్తి, ఆయన "నాకేం కాలే, పార భద్రం!" అని తెలుగులో అరిచేసరికి గొల్లున నవ్వింది. మోకాలి నొప్పితోనే కుంటుకుంటూ వచ్చిన అంగ్మో నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అయినా ఆ సాయంత్రం పొయ్యి చుట్టూ అందరూ చేరినప్పుడు, ఉప్పు టీ మొదటి గిన్నె ఆయనకే ఇచ్చింది. ఆయన తాగి, ఇంకో గిన్నె అడిగాడు.

రోడ్డు తెరిచాక కూడా ఆయన వెంటనే బయలుదేరలేదు. మార్కాపురం చేరేసరికి ఎండలు ముదిరాయి. రోళ్లు పగిలే ఆ ఎండలో బస్టాండు దగ్గర మురళీధర్ టీ దుకాణంలో కూర్చుని మంచు కథలు చెప్పేవాడు. మొదటి వారం మంచు మోకాలి దాకా ఉంది. రెండో వారానికి నడుం దాకా వచ్చింది.

"అన్నా, ఇంకొక్కసారి చెప్తివా, కరెంటు స్తంభం మునిగిపోతది," అన్నాడు మురళీధర్.

దాన్ని వాజిద్ పట్టించుకోలేదు. ఎవరు కొత్త స్లాబు వేసినా పోయి తలెత్తి చూసి, "మూడడుగుల మంచు పడిందనుకో, ఇది నిలవదబ్బా," అని దిగులుపడేవాడు. పలకల గనుల ఊళ్లో, వాన చినుకు కోసం ఆకాశం చూసే జనానికి ఆ దిగులు ఎంత వివరించినా అంటుకోలేదు.

ఆ ఏడు చలికాలం రాకముందే షాహీన్ ఫోన్ చేసింది. ఆయన వస్తున్నాడా అని అంగ్మో అడుగుతోందట. వాజిద్ అప్పటికే టోపీ వెతుకుతున్నాడు.

"నేనూ వస్తా," అంది ఖదీజా. "ఏడాదంతా వింటినే, ఒక్కసారి కళ్లతో చూడాల. దాంట్లో నిజమెంతో తేలుస్తా."

వెళ్లారు. మొదటి మంచు పడి ఆగిన పొద్దున వాజిద్ ఆమెకు అన్నీ వివరించడం మొదలుపెట్టాడు: పార ఎట్ల పట్టాలి, పొర ఎందుకు మిగల్చాలి, ఇంటికి రెండు పక్కలా ఎందుకు తీయాలి. ఆయన మఫ్లరు చుట్టుకుని, బూట్లు వెతుక్కుని, చెబుతూ చెబుతూ బయటికి వచ్చేసరికి పక్కన ఎవరూ లేరు. ఖదీజా, అంగ్మో పైన పక్కపక్కనే నిలబడి మంచు తోస్తున్నారు. ఒకరి మాట ఒకరికి సగమే అర్థమైనా ఇద్దరూ గలగలా నవ్వుతున్నారు. ఎవరి గురించో ఆయనకు చెప్పనక్కరలేకపోయింది.

"ఏందీ, నన్ను ఎక్కనియ్యరా?" అన్నాడు వాజిద్.

"మీరు సందులో నిలబడి ఎవరూ రాకుండా చూడండి," అంది ఖదీజా పైనుంచి. "అంచుకు దూరంగా జరగండి. ఇంకొంచెం. ఆఁ, ఆడ."

ఆయన జరిగాడు.