నల్లాలో గొంతు

ఆ రోజు నేను లోపలికి తొంగి చూడకుండా నీళ్ళ ట్యాంకు మూత వేశాను. లోపల మనిషి ఉన్నాడు. మూత వేయడం పొరపాటే. ఆ తర్వాత చేసినదాన్ని కూడా పొరపాటు అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

శంషాబాద్‌లో, విమానాలు చక్రాలు దించుకుని వచ్చే దారి కింద, మాకు రెండు గదుల ఇల్లు ఉంది. ఫ్లైటుకు ముందో తర్వాతో ఒకటి రెండు రోజులు ఉండిపోయేవాళ్ళకు ఇస్తాను. తాళం పెట్టె నంబరు ఫోన్‌లో పంపుతాను. చాలామంది ముఖం కూడా చూడను. వాళ్ళు పోయాక వెళ్ళి సర్దుతాను. దిండు మీద పొడుగాటి వెంట్రుక, అద్దానికి అతికించిన బొట్టుబిళ్ళ, బాత్రూం గడప దగ్గర ఇంకా ఆరని కాలిముద్ర. ఇంట్లో ఎవరూ ఉండరు. ఎవరో ఇప్పుడే లేచి పక్కగదిలోకి పోయినట్టు మాత్రం ఉంటుంది.

ఆ ఇల్లు ఉన్న చోట మా వ్యవసాయ బాయి ఉండేది. దాన్ని రాళ్ళూ మట్టీ పోసి పూడ్పించింది నేనే. మా ఊళ్ళో బాయిల పూడిక తీసే అన్న ఒకాయన ఉన్నాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. టిప్పర్లు మట్టి పోస్తుంటే గట్టు మీద నిలబడి చూశాడు. "బాయి నోరు మూస్తున్నవ్ తమ్మీ. అది పిలిస్తె జర పలుకు మరి," అన్నాడు. అందరూ నవ్వారు, నేను కూడా. బాయిలు పోయాక ఆయన ట్యాంకులు కడిగే పనికి మళ్ళాడు.

ఆ గురువారం మధ్యాహ్నం చంటిపాపతో ఒక కుటుంబం దిగాలి. నాలుగు రోజుల ముందే ఆయనకు ఫోన్ చేసి, "గెస్టులొచ్చే లోపల ఒకసారి ట్యాంకు కడుగన్నా," అన్నాను. ఏ రోజో చెప్పలేదు. చెప్పిన సంగతే మర్చిపోయాను.

పదింటికి పోయేసరికి గేటు పక్కన ఒక జత చెప్పులున్నాయి. పాత గెస్టులు వదిలేసినవనుకుని చెత్త కవర్లో వేశాను. ఆరిన దుప్పట్ల కోసం మిద్దె ఎక్కితే ట్యాంకు మూత తెరిచి ఉంది. మా వైపు కోతులు మూతలు లేపి ట్యాంకుల్లో స్నానాలు చేస్తాయి. అందుకే ఇనుప మూత చేయించి గొళ్ళెం పెట్టించాను. నిచ్చెన మీద నిలబడి దాన్ని తోసి గొళ్ళెం వేశాను. సరిగ్గా అప్పుడే నెత్తి మీదుగా విమానం దిగుతోంది. లోపల ఆయన అరిచి ఉంటే ఆ మోతలో కలిసిపోయింది. వంగి చూసి ఉంటే మూలన కూర్చుని గోడ రుద్దుతున్న ఆయన వీపు కనిపించేది.

కిందికి వచ్చి మంచం మీద తెల్ల దుప్పటి పరిచాను. బాత్రూంలో నల్లా తిప్పితే నీళ్ళు లేవు. కోతుల పనేననుకుని వంటగదిలోకి పోయి బోరు మోటరు వేశాను. తిరిగి వచ్చేసరికి, తెరిచి వదిలిన నల్లా గాలి వదులుతోంది. ఆ గాలిలో నుంచి గొంతు వచ్చింది.

"తమ్మీ."

మనిషి గొంతే, కానీ ఏ మనిషిదో తెలియనంత సన్నగా ఉంది, ఎంతో లోతు నుంచి ఎక్కి వచ్చినట్టు. నేను నల్లా దగ్గరికి వంగాను. ఎందుకు అడిగానో తెలియదు, "ఎవరు?" అన్నాను.

"నేనే. నేనే, తమ్మీ."

మన దగ్గర తలుపు కొట్టిన ప్రతివాడూ చెప్పే జవాబే అది. కదలకుండా వింటూ ఉండిపోయాను. ఇంతలో నల్లా దగ్గి, ఎర్రటి బురదనీళ్ళు కక్కింది. పూడిక తీసిన రోజు బాయి దగ్గర వచ్చే వాసనే. గొంతు ఆగిపోయింది. పైన స్లాబు మీద దబదబమని ఏదో కొట్టుకుంది. కోతులు, కోతులు అని నాకు నేను చెప్పుకున్నాను. తలుపు గుంజి బయటికి నడిచాను. మోటరు కూడా ఆపలేదు.

సర్వీసు రోడ్డు మీద హోటల్లో చాయ్ చెప్పి కూర్చున్నాను. పైకి పోయి చూడాలని తెలుసు. పోలేదు. ఒక విమానం దిగింది, కాసేపటికి ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. చాయ్ మీద మీగడ కట్టింది. అప్పుడు ఫోన్ మోగింది. ఆ అన్న భార్య.

"తమ్మీ, మీ అన్న ఫోన్ కలుస్తలేదు. ట్యాంకు కడుగుడైందా? సద్ది ఇంట్లనే మర్చిపోయిండు."

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. అయినా నోటి నుంచి వచ్చింది మాత్రం, "అయింది వదినా, వస్తుండు," అనే మాట.

పరుగెత్తాను. మోటరు ఆపి, మిద్దె ఎక్కి, గొళ్ళెం తీశాను. నీళ్ళు ఆయన ఛాతీ దాకా వచ్చాయి. నిలబడడానికి ఎత్తు చాలక మెడ వంచి, ముఖం మూతకు ఆనించి ఉన్నాడు. వెలుగు పడగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండు చేతులూ పట్టి లాగాను. గెస్టుల కోసం తెచ్చిన దుప్పట్లన్నీ ఆయనకే కప్పి ఎండలో కూర్చోబెట్టాను.

"కోతులనుకున్ననన్నా. నువ్వున్నట్టు తెల్వదు. ఏం ఇనబడలే."

ఆయన పళ్ళు కటకటలాడుతున్నాయి. తర్వాత మెల్లగా అన్నాడు. "ఎవలని అడిగినవ్ గదా."

నేను దుప్పటి అంచు ఆయన భుజాల మీదికి లాగాను.

"నేనే అని చెప్పిన. అటెన్క నీ ఊపిరి ఇనబడ్డది. జరసేపు ఉన్నవ్. నువ్వు తలుపు గుంజిన సప్పుడు సుత ఇనబడ్డది. గప్పుడు భయమైంది. గప్పటిదాక కాలే."

"బాయి అనుకున్ననన్నా."

ఆయన నవ్వబోయి దగ్గాడు. "బాయైతె మాత్రం పలుకవా?"

గెస్టులకు ఇల్లు సిద్ధంగా లేదని చెప్పి వేరే చోట గది చూపించాను. ఆయనను దవాఖానకు తీసుకుపోయాను. బండిలో ఆయన, "మీ వదినకు చెప్పకు. పరేషానైతది. ఇగ పనికి పోనియ్యది," అన్నాడు. ఆ మాట పట్టుకుని ఊరుకుంటే నాకు ఎంత సులువో నాకు తెలుసు.

వాళ్ళ ఇంటి గడపలో నిలబడి చెప్పాను. మూత సంగతి, నల్లాలో ఆయన పలికిన సంగతి, చాయ్ హోటలు, ఫోన్‌లో చెప్పిన అబద్ధం. వదిన అంతా వింది. చివరికి అడిగింది.

"నేను ఫోన్ చెయ్యకుంటె?"

"మోటరు నడుస్తనే ఉండేది వదినా."

ఆమె ఆయన వైపు చూసింది, నా వైపు చూడలేదు. "ఇగ మా ఆయన నీ ట్యాంకుల దిగడు."

"దిగడు. నేనే దిగుత."

మర్నాడు పొద్దున వదిన వచ్చింది, నేను పిలవకుండానే. మోటరు స్విచ్చి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. నేను నీళ్ళు వదిలేసి, బ్రష్షు పట్టుకుని లోపలికి దిగాను. ఆయన రుద్దిన సగం గోడ తెల్లగా ఉంది. మిగతా సగం రుద్దడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది. సాయంత్రం ఆ మూతను గగన్‌పహాడ్‌లో వెల్డింగు దుకాణానికి మోసుకుపోయి గొళ్ళెం కోయించాను. కోతులు మళ్ళీ మూత లేపుతున్నాయి. అవి లేపిన ప్రతిసారీ నేనే దిగి కడుగుతున్నాను.