ఆయన లేచి నిలబడిన ఆదివారం

మా సంఘం పెద్దయ్య గారు పోయారన్న కబురు నాకు అమ్మ చెప్పింది. ఆ సమయానికి నేను భిలాయి పక్కన దుర్గ్‌లో, నేను పనిచేసే ల్యాబులో, రక్తం సీసాలకి పేర్ల చీటీలు అంటిస్తున్నాను. "పొద్దున్న టీ తాగి కుర్చీలో కూర్చున్నారట. మరి లేవలేదట. నువ్వు సెలవు పెట్టి వచ్చీ" అంది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.

మా అమ్మని సంఘం అంతటి ముందూ తల దించుకునేలా చేసిన మనిషి ఆయన. అలాంటి మనిషి గురించి నేను కృతజ్ఞతతో రాయడానికి కూర్చోవడం మీలో కొందరికి వింతగా అనిపించవచ్చు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

మా నాన్న భిలాయి స్టీలు ప్లాంటులో పనిచేసేవాడు. నాకు ఐదేళ్ళప్పుడు జబ్బు చేసి పోయాడు. అమ్మ ఒక ఆస్పత్రిలో ఆయాగా చేరింది. సెక్టర్ నాలుగులో చిన్న క్వార్టర్లో ఇద్దరమే ఉండేవాళ్ళం. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే. అందరికీ పెద్దయ్య గారంటే గురి. ప్లాంటులో క్రేన్ నడిపేవారు. పొడగరి. చొక్కా జేబులో ఎప్పుడూ ప్రార్థన నూనె సీసా ఉండేది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్ల పరీక్షలకి భయపడినా, నుదుటికి ఆ నూనె రాసి, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవారు. "నమ్ము. నమ్మితే చాలు" అనేవారు. నాకూ ఎన్నిసార్లో అలా చేశారు. ఆ అరచేతి బరువు ఇప్పటికీ తెలుస్తుంది.

ఆయన భార్య మాత్రం మందిరానికి వచ్చేవారు కాదు. మోకాళ్ళ నొప్పులని చెప్పేవారు. సెక్టర్ రెండులో వాళ్ళ క్వార్టర్ కిటికీలు ఎండాకాలంలో కూడా మూసే ఉండేవి. లోపల టేప్ రికార్డర్‌లో ప్రభువు పాటలు పెద్దగా మోగేవి. ఆ ఇంట్లో ఎంత భక్తో అని చెప్పుకునేవాళ్ళం.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు అమ్మ వారానికి రెండు సాయంత్రాలు, డ్యూటీ అయ్యాక, ఎక్కడికో వెళ్ళడం మొదలుపెట్టింది. ఎక్కడికంటే "పనుంది" అనేది. తిరిగొచ్చేసరికి చీర కుచ్చిళ్ళు తడిసి ఉండేవి. ఆమెని సెక్టర్ రెండులో ఒక వెనక సందులో చూశామని ఒకరన్నారు. మేమూ చూశామని ఇంకొకరన్నారు. మందిరంలో తబలా వాయించే ఒక ఒంటరి మనిషి ఆ సందు క్వార్టర్లలోనే ఉండేవాడు. ఇంకేం కావాలి. రెండు నెలల్లో ఆ మాట మందిరం మెట్లదాకా వచ్చేసింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురు పెద్దలు అమ్మని పక్కగదిలో కూర్చోబెట్టారు. పెద్దయ్య గారు ఆ ముగ్గురిలో ఒకరు. నేను వరండాలో నిలబడి, ఓరగా వేసిన తలుపు సందులోంచి చూస్తున్నాను.

"మంగళారం, శుక్రారం ఎక్కడికెల్తున్నావమ్మా?" అని ఒకాయన అడిగాడు.

"అది నేను చెప్పకూడదండి. మాటిచ్చేను. తప్పు మాత్రం ఏటీ చెయ్యలేదు."

"ఎవరికిచ్చేవు మాట?"

అమ్మ ఒక్కసారి తలెత్తి పెద్దయ్య గారి వైపు చూసింది. తనని కాపాడమని అడుగుతోందనుకున్నాను. ఆయన చేతిలో మడతపెట్టిన రుమాలు వంక చూస్తూ ఉండిపోయారు. అమ్మ ఎవరి పేరూ చెప్పలేదు. ఆమె నిజం ఒప్పుకునేదాకా ప్రభువు బల్లలో, అంటే అందరితో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట, చెయ్యి వెయ్యకూడదని తేల్చారు. చివర్లో ప్రార్థన చేసింది పెద్దయ్య గారే. "ఈ సహోదరికి మారుమనస్సు దయచెయ్యి తండ్రీ" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అమ్మ కూడా అంది.

తర్వాత నాలుగైదు ఆదివారాలు అమ్మ చివరి బెంచీలో కూర్చుంది. రొట్టె పళ్ళెం ఆమెని దాటిపోయేది. ఆ తర్వాత మందిరానికి రావడం మానేసింది. కానీ ఆ రెండు సాయంత్రాలు వెళ్ళడం మానలేదు. అది నాకు అన్నిటికంటే పెద్ద దెబ్బ. ఇంత జరిగాక కూడా వెళ్తోందంటే జనం అన్నది నిజమే అయ్యుండాలి అనుకున్నాను. ఆమె పెట్టిన చారన్నం తింటూ, ఆమె ఉతికిన యూనిఫాం వేసుకుంటూ అలా అనుకున్నాను. హాస్టల్లో చేరతానని అడిగాను. చదువు కోసమని చెప్పాను. అమ్మ ఒక నిమిషం నా మొహంలోకి చూసి "సరే" అంది.

ఏడేళ్ళకి పెద్దయ్య గారి భార్య పోయారు. అమ్మ వెళ్ళి గేటు బయట నిలబడి వచ్చిందని ఎవరో చెప్పారు. తర్వాత నాకు పెళ్ళయింది, దుర్గ్‌లో కాపురం పెట్టాను. అమ్మ రిటైరయ్యాక ఊరి చివర భిలాయి-3 అనే పేటలో రెండు గదుల ఇల్లు చూసుకుంది. నేను మళ్ళీ అదే మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాను. అమ్మని ఆపేసిన చోటికి నేను వెళ్తే ఆమెకి ఎలా ఉంటుందో ఏనాడూ అడగలేదు. వారం వారం ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. కూరల గురించి, బీపీ మాత్రల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం మాట మార్చేవాళ్ళం. లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయేదాన్ని. అలా మొత్తం ఇరవై ఏళ్ళు గడిచాయి.

మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం, సాక్ష్యాలు చెప్పే సమయంలో పెద్దయ్య గారు లేచి నిలబడ్డారు. ఏ స్వస్థత గురించో చెబుతారనుకున్నాం.

"నా భార్యకి మోకాళ్ళ నొప్పులు లేవు. ఆవిడకి మనసు చెడింది" అన్నారు.

పాస్టరు గారు చేతిలో బైబిలు మూసి ఆయన వైపు తిరిగారు.

"గోడకి తల కొట్టుకునేది. అరిచేది. ఆ అరుపులు మీకు వినపడకూడదని పాటలు పెట్టేవోణ్ణి. మీ అందరి తలలమీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవోడి ఇంట్లో ఇలాగుందని తెలిస్తే నా నమ్మకం ఏపాటిదంటారోనని భయం. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుని ఒక చెల్లెమ్మని పిలిచేను. ఆవిడ వారానికి రెండుసార్లు వచ్చి నా భార్యకి తలంటి, జడేసి, అన్నం తినిపించేది. ఆ చెల్లెమ్మనే మనం బల్ల నుంచి ఆపేసేం. ఆ గదిలో నేనున్నాను. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. పైగా ఆవిడ మారుమనస్సు కోసం ప్రార్థన చేసేను. ఆపేసేక కూడా ఆవిడ రావడం మానలేదు. నా భార్య పోయేదాకా వచ్చింది."

పాస్టరు గారు కంగారుగా "కూర్చోండి పెద్దయ్య గారూ, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. "ఈరోజు నుంచి నేను పెద్దని కాదండి" అని ఆయన ముందు వరసలోంచి నడుచుకుంటూ వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నారు. నేను పాటల పుస్తకం అట్టని గోళ్ళతో గీకుతున్నాను. ఆయన మీద కోపంతో అనుకున్నాను మొదట. కోపం కాదది.

మర్నాడు సాయంత్రం ఆయన భిలాయి-3లో అమ్మ ఇంటికి వచ్చారు. నేనక్కడే ఉన్నాను. గుమ్మం దాటకుండా నిలబడి, "చెల్లెమ్మా, సంఘంలో చెప్పేసేను" అన్నారు.

"తెలిసిందండి."

"ఇరవై ఒక్క సంవత్సరాలు పట్టింది నాకు."

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత, "ఆ రోజు గదిలో చెప్పుంటే బాగుండేదన్నయ్య గారూ" అంది. కుర్చీ ముందుకి జరిపి, "లోపలికి రండి. టీ తాగి వెళ్ళండి" అంది.

ఆయన క్షమించమని అడగలేదు. అమ్మ క్షమించానని అనలేదు. టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళారు. సంఘంలో కొందరు ముసలాయనకి మతి చలించిందన్నారు. ఇంకొందరు మానిపోయిన పుండు ఎందుకు కెలికారన్నారు. పాస్టరు గారు వచ్చి అమ్మని మందిరానికి పిలిచారు. "చూద్దాం" అంది. వెళ్ళలేదు.

నేను మాత్రం పెద్దయ్య గారింటికి వెళ్ళాను, నాలుగు మాటలతో కడిగేద్దామని. ఆయన కిటికీ దగ్గర బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నారు. "ఇన్నేళ్ళు మీకు నిద్రెలా పట్టిందండీ?" అని అడిగాను.

"పట్టేదమ్మా. అదే నాకూ ఆశ్చర్యం" అన్నారు చేట పక్కన పెట్టి. "రోజూ ప్రభువు ముందు ఏడ్చేవోణ్ణి. క్షమించేడని నమ్మేవోణ్ణి. పడుకునేవోణ్ణి. తెల్లారితే మళ్ళీ అదే. గానుగెద్దులాగ ఉన్నచోటే తిరిగేను. ఏడుపుని మారుమనస్సు అనుకున్నాను. ఏడుపు కూర్చున్నచోట కూడా వస్తుంది. దానికి లేచి నడవక్కర్లేదు."

ఆయన్ని లేపింది ఒక హిందీవాడు, వెల్డరట. బాప్తిస్మం తీసుకునేవాళ్ళకి ఆయన పాఠాలు చెప్పేవారు. ఆ పాఠంలో అతను అడిగాడట, "దాదాజీ, ప్రభువు మాఫ్ చేసేశాడు కదా. మరి నేను ఎవరికి అన్యాయం చేశానో అతని దగ్గరికి కూడా వెళ్ళాలా?" అని. పెద్దయ్య గారు వచ్చేవారం చెబుతానన్నారట; ఆ వచ్చిన ఆదివారమే మందిరంలో లేచి నిలబడ్డారు.

"మరి అన్నేళ్ళ మీ నమ్మకం అబద్ధమేనా?" అన్నాను. గాయపరచాలనే అడిగాను.

ఆయన చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. "లేదమ్మా. ప్రభువు నన్ను తోసెయ్యడని నమ్మబట్టే ఆ వేళ లేవగలిగేను. ఆ నమ్మకం లేనోడికి తప్పు ఒప్పుకోవడమంటే చావే కదా, ఎందుకు ఒప్పుకుంటాడు? కానీ లేవనన్నాళ్ళూ ఆ నమ్మకం నాకు పడుకోడానికి పనికొచ్చింది. నడవడానికి కాదు."

తిట్టడానికి వెళ్ళినదాన్ని, మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఆయన టీలో అల్లం మరీ ఎక్కువ వేసేవారు, కళ్ళలో నీళ్ళొచ్చేవి. దుమ్మొస్తుందన్నా కిటికీలు మూసేవారు కాదు. వీధిలో ఎవరి గొడుగు విరిగినా తెప్పించుకుని బాగుచేసేవారు. ప్రార్థన చెయ్యమని వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వచ్చినవాళ్ళ తలమీద చెయ్యి పెట్టేవారు కాదు, పక్కన కూర్చునేవారు. పిల్ల తనలో తను మాట్లాడుకుంటోందని ఒక తల్లి వచ్చి గుసగుసగా చెప్పినప్పుడు, "ప్రార్థన చేద్దాం. డాక్టరు దగ్గరికి ఎప్పుడెల్దాం?" అని రెండూ ఒకే గొంతుతో అన్నారు. ఓపీలో వాళ్ళతోపాటు మధ్యాహ్నందాకా లైన్లో నిలబడ్డారు. అలా ఇంకో కుటుంబంతో కూడా వెళ్ళారు.

పోయిన చలికాలంలో ఒకరోజు ఆయన గొడుగు కమ్మీ వంచుతూ, తలెత్తకుండానే, "నీ గొంతులో ఏటో అడ్డంగా ఉందమ్మా. చాలా రోజులై చూస్తున్నాను" అన్నారు.

చెప్పేశాను. ఆ రోజుల్లో నేను కూడా ఆ మాట నమ్మానని, అందుకే హాస్టల్‌కి పారిపోయానని, అది అమ్మకి ఇప్పటికీ తెలియదని.

"నాకు చెప్పి లాభమేటి?" అన్నారు మెత్తగా. "మీ అమ్మకి చెప్పు."

"ఇప్పుడెందుకండీ? ఆవిడ బాధపడుతుంది."

"నేనూ ఇరవై ఒక్క సంవత్సరాలు అదే అనుకున్నాను" అన్నారాయన.

అయినా చెప్పలేదు. అమ్మ ఎదురుగా కూర్చుని నోటిదాకా తెచ్చుకుని, ఫ్యాను తిరగడం లేదనో, పాలు పొంగుతున్నాయనో లేచేదాన్ని. ఆయన మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. నేను వెళ్ళొస్తానన్నప్పుడల్లా మాత్రం గేటుదాకా వచ్చి, "అమ్మ బాగుందా?" అని అడిగేవారు. అంతే. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం నెలనెలకీ కష్టమయ్యేది.

ఆయన అంత్యక్రియలకి అమ్మ వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె మందిరం మెట్లెక్కడం అదే మొదటిసారి. జనం జరిగి ముందు వరసలో చోటిచ్చారు. ఆమె వెనకే కూర్చుంది. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని ఏడిస్తే, "ఊరుకో అమ్మా" అని వాళ్ళనే ఓదార్చింది. సమాధి దగ్గర అందరం తలో పిడికెడు మట్టి వేశాం. ముందురోజు వాన పడి మట్టి తడిగా, ఎర్రగా ఉంది. అమ్మ వంగి వేసి, పెదాలు కదిలించి ఏదో అంది. ఆయనతో అందో, ప్రభువుతో అందో నాకు వినపడలేదు.

తిరిగొస్తుంటే రైల్వే గేటు పడింది. మా ఆటోకి ముందూ వెనకా లారీలు, సైకిళ్ళు. గూడ్సు బండి నెమ్మదిగా కదులుతోంది. దిగడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. గిన్నెలు కడగడానికి వెళ్ళడానికి అసలే లేదు.

"అమ్మా, అప్పట్లో జనం అన్నది నేను కూడా నమ్మాను" అన్నాను. ఎన్నో రకాలుగా చెప్పాలనుకున్న మాట, ఇంత పొట్టిగా వచ్చింది.

అమ్మ వ్యాగన్లవైపు చూస్తూనే ఉంది. "తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

"హాస్టల్‌కి వెల్తానని అడిగేవు చూడు. ఆ రోజే."

"మరి నన్నెందుకు అడగలేదమ్మా?"

"అడిగితే లేదంటావు. అప్పుడు నీకు అబద్ధం కూడా మీద పడతాది. చిన్నపిల్లవి."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు. క్షమించానని కూడా అనలేదు. ఎవరో అదే పనిగా హారన్ కొడుతున్నారు. కొంతసేపటికి అమ్మ తన చెయ్యి తీసి నా మోకాలిమీద పెట్టింది. సమాధి మట్టి ఇంకా ఆ చేతికి అంటుకునే ఉంది. నా తెల్ల చుడీదారు మీద ఐదు వేళ్ళ ఎర్రటి అచ్చు పడింది. మా ముందు గూడ్సు బండి ఇంకా పోతూనే ఉంది.