కొబ్బరికాయలు విసిరే అపేలు

సవాయీ దీవిలో ఒక్కో ఊరికీ చూపించుకోవడానికి ఒక్కో వింత ఉంది. ఒక ఊరివాళ్ళకు జలపాతం, ఇంకో ఊరివాళ్ళకు లావాలో సగం కూరుకుపోయిన చర్చి గోడలు, మా ఫాగావైకి మాత్రం ఒక రంధ్రం. సముద్రపు ఒడ్డున నల్లరాతిలో ఉంటుంది. కింద అల వచ్చి కొట్టిందంటే ఆ రంధ్రంలోంచి నీళ్ళు కొబ్బరిచెట్టును మించి లేస్తాయి. నీళ్ళు ఎగరడం చూడ్డానికి విమానాలెక్కి రావాలా అని మా ముసలమ్మలు ఇప్పటికీ పడీపడీ నవ్వుతారు. నవ్వుతూనే వచ్చినవాళ్ళ దగ్గర రుసుము మాత్రం ఖచ్చితంగా వసూలు చేస్తారు.

ఆ రంధ్రంలో కొబ్బరికాయలు విసరడం అపేలు పని. వేళ చూసి విసిరితే కాయ నీళ్ళతోపాటు ఆకాశంలోకి పోతుంది. వేళ తప్పితే రాతికి తగిలి పగులుతుంది. అపేలు కాయ పగలడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. అతను చూసి విసిరేవాడు కాదు, విని విసిరేవాడు. అల రాబోయే ముందు రాయి లోపలికి గాలి పీలుస్తుంది. చెవి పెట్టినవాడికి అది మనిషి ఊపిరి తీసుకున్నట్టే వినిపిస్తుంది. ఆ ఊపిరి ఎంత పొడుగైతే వచ్చే అల అంత పెద్దది. కాయ పైకి లేవగానే తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. అపేలు నడుం మీద చేతులు పెట్టుకుని, తానే సముద్రాన్ని ఎగరేసినంత ధీమాగా నిలబడేవాడు.

ఆ చప్పట్లంటే అతనికి ఎందుకంత ఇష్టమో ఊరందరికీ తెలుసు. తండ్రి పోయినప్పుడు, తుయిఫావో అనే వాళ్ళ ఇంటి బిరుదును ఎవరికివ్వాలని కుటుంబమంతా కూర్చుంది. పెద్దకొడుకు అపేలు. కానీ అతనిది నోటి దురుసు, ముక్కు మీద కోపం. చిన్నకొడుకు లెమీ ఎదుటివాళ్ళు చెప్పింది చివరిదాకా వినే రకం. బిరుదు లెమీకి ఇచ్చారు. ఆ రోజు తమ్ముడి భుజాల మీద మొగలి ఆకుతో నేసిన సన్నచాప కప్పుతుంటే అపేలు అక్కడ లేడు, రంధ్రం దగ్గర ఎవరూ చూడకుండా కాయలు విసురుకుంటూ కూర్చున్నాడు.

అప్పట్నుంచి ఊరంతా లెమీని తుయిఫావో గారనేది. అపేలు ఒక్కడే పేరు పెట్టి, అదీ పెద్దలందరూ కూర్చున్న చోట గొంతు పెంచి మరీ పిలిచేవాడు.

"ఒరేయ్ లెమీ! నీకు పెద్దరికమైతే ఇచ్చారు గానీ, దానికి తగ్గ పొట్ట ఇవ్వలేదేంట్రా?"

"మీ ఇంట్లో భోజనం పెడితే వస్తుందిలే అన్నయ్యా," అనేవాడు లెమీ. అందరూ నవ్వేవారు. లెమీ కళ్ళు మాత్రం నవ్వేవి కావు. అపేలు భార్య సినపాటి ఇంటికొచ్చాక మొగుణ్ణి దులిపేసేది. "చిన్నప్పుడు వీపు మీద మోసినవాణ్ణి ఇప్పుడు నోటితో పొడుస్తావేంటయ్యా?" అనేది.

మోసిన మాట నిజమే. వాళ్ళ ఇంటికీ బడికీ మధ్య లావా గడ్డకట్టిన నేల ఉండేది, అడుగు పెడితే పాదం తెగేంత పదును. లెమీవి లేత పాదాలు. "ఎక్కరా," అని అపేలు వంగేవాడు. తమ్ముడు మెడ చుట్టూ చేతులు వేసేవాడు. అలా బడి రోజులన్నీ గడిచాయి.

ఇక ఇయోసెఫో సంగతి. అతనిది లెపూలా ఊరు. టూరిస్టులను బస్సులో ఎక్కించుకుని చర్చి గోడలు, జలపాతం చూపించి చివరికి ఫాగావైకి తెచ్చేవాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, తల్లీతండ్రీ, అందరూ ఒకే ఇంట్లో. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. అపేలును బాబాయ్ అని పిలిచేవాడు.

"బాబాయ్, ఇవాళ నీ రాయికి ఆకలిగా ఉందా?"

"రాయి సంగతి సరే, ముందు నీ బస్సులోవాళ్ళని నీడలోకి దింపు. ఎండకి ఉడికిన రొయ్యల్లా అయిపోయారు."

ఎగిరిన కాయల్లో కొన్ని పగలకుండా కింది రాతి మెట్టు మీద పడేవి. ఆ మెట్టు మీదకు ఎవర్నీ దిగనివ్వకూడదని అపేలు తానే పెట్టిన కట్టుబాటు. తెల్లవాళ్ళు అటు అడుగేస్తే బూతులు లంకించుకునేవాడు, భాష తెలియకపోయినా వాళ్ళకు అర్థమయ్యేది. ఇయోసెఫోకి మాత్రం మినహాయింపు. సముద్రం కొట్టిన కాయ పాలు చిక్కగా ఉంటాయని సలీలో అనే అతని తల్లి నమ్మకం. అందుకని రోజూ ఒక కాయ ఏరుకుని తల్లికి పట్టుకెళ్ళేవాడు. అపేలు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. మనవాడే కదా అనుకున్నాడు. ప్రాణం తీసే తప్పులు చాలావరకు ఇలాంటి మంచితనంలోంచే వస్తాయి, ఏం చేస్తాం.

ఆ రోజు దక్షిణపు గాలి. రెండు బస్సుల జనం. అపేలు విసిరిన కాయ ఒకటి ఎగిరి చెక్కుచెదరకుండా కింది మెట్టు మీద పడింది.

"బాబాయ్, అది మా అమ్మకి!" అంటూ ఇయోసెఫో కిందికి జారాడు.

అపేలు చేతిలో ఇంకో కాయ ఉంది. రాయి ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. పీలుస్తూనే ఉంది. అంత పొడుగు ఊపిరి అతను ఎప్పుడో తుఫాను రోజుల్లో విన్నాడు. కేక వేయాలి. కానీ జనమంతా కెమెరాలు పట్టుకుని తనవైపే చూస్తున్నారు, ఇన్నేళ్ళ అలవాటు చేతిలో ఉంది. చెయ్యి ముందు విసిరింది. తర్వాతే గొంతు లేచింది.

కాయ ఎన్నడూ లేనంత ఎత్తుకు పోయింది. చప్పట్లు మోగాయి. నీళ్ళు కిందికి పడ్డాక చూస్తే మెట్టు మీద ఎవరూ లేరు.

పొద్దుగూకే వేళకు పడవలవాళ్ళు ఇయోసెఫోని ఒడ్డుకు తెచ్చారు. సాయంకాలపు ప్రార్థన శంఖం ఊదే సమయానికి శవం లెపూలా చేరింది. అపేలు ఇంట్లో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ప్రార్థన ముగియగానే లెమీ వచ్చాడు.

"విన్నాన్రా లెమీ," అన్నాడు అపేలు తల ఎత్తకుండానే. "ఊపిరి విన్నాను. విన్నాక కూడా విసిరాను."

లెమీ అతని పక్కన కూర్చున్నాడు. "తెల్లారేసరికి లెపూలాలో ఉండాలి అన్నయ్యా. ఇఫోగాకి వెళ్దాం."

ఇంకో దారి లేదని అపేలుకూ తెలుసు. ఇఫోగాలో చంపినవాడి ఇంటివాళ్ళు చచ్చినవాడి ఇంటి ముందు మోకాళ్ళ మీద కూర్చుంటారు, ఇంటి పెద్ద తల మీద సన్నచాప కప్పుకుంటాడు. అవతలి పెద్ద వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే కూర్చునే ఉండాలి. రాళ్ళు పడ్డా, కత్తి లేచినా కదలకూడదు.

"తప్పు నాది. చాప కింద నేను కూర్చుంటా," అన్నాడు అపేలు.

"నువ్వు కూర్చుంటే ఒక్క మనిషి కూర్చున్నట్టు. నేను కూర్చుంటే ఇల్లంతా కూర్చున్నట్టు. ఆ బిరుదు నాకిచ్చింది దీనికే కదా."

"నీ గుండె మాటేంట్రా? ఎండలో తిరగొద్దన్నాడు కదా డాక్టరు?"

"తిరగొద్దన్నాడు, కూర్చోవద్దనలేదుగా," అన్నాడు లెమీ. పరాచికం ఆడే గొంతు కాదది. "ఇంకో మాట. నాకు చెప్పింది అక్కడ చెప్పకు. వాళ్ళంతట వాళ్ళు అడిగితే తప్ప నోరు విప్పకు. నీ నోటి సంగతి నాకు తెలుసు."

లెమీకి బిరుదు ఇచ్చిన రోజు భుజాల మీద కప్పిన చాపనే తెచ్చారు. అంచున ఎర్ర ఈకలున్న ఆ చాపను సినపాటి మడత విప్పి మళ్ళీ మడిచింది. అది పట్టులా జారుతుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు.

ఇంకా చీకటి ఉండగానే ఇంటిల్లిపాదీ లెపూలా పొలిమేరలో ట్రక్కు దిగి నడిచారు. చేతుల్లో కట్టెలు, పొయ్యిరాళ్ళు, అరటాకులు. పందిని కాల్చి తినడానికి ఏవి కావాలో అవన్నీ. కావాలంటే మమ్మల్ని కాల్చుకు తినండి అని దాని అర్థం. ఇయోసెఫో తండ్రి వేలువా ఇంటి ముందు, పచ్చిక మీద లెమీ మోకరిల్లాడు. అపేలు తన చేత్తో తమ్ముడి తల మీద చాప కప్పి వెనక్కొచ్చి మోకరిల్లాడు. మిగతావాళ్ళు అతని వెనక.

తెల్లవారింది. నాలుగువైపులా గోడలు లేని ఇల్లు కాబట్టి లోపల అంతా కనిపిస్తూనే ఉంది. ఇయోసెఫో మీద తెల్లదుప్పటి, పక్కన సలీలో, కాళ్ళ దగ్గర కోడలూ పిల్లలూ. ఇంటి పెద్ద వేలువా స్తంభానికి వీపు ఆనించి సముద్రంవైపు తిరిగి కూర్చున్నాడు. ఒక్కసారి కూడా ఇటు చూడలేదు. ఇయోసెఫో తమ్ముడు పొడుగు కత్తి పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

ఎండ ఎక్కింది. చాప కింద నుంచి చెమట చుక్కలు పచ్చిక మీద పడడం అపేలుకు కనిపిస్తోంది. తమ్ముడి వీపు ముందుకు ఒరగడం, మళ్ళీ నిటారు కావడం. పడిపోతే ఎత్తుకోవడానికి కూడా లేవకూడదు. జీవితంలో మొదటిసారి అతనికి తమ్ముడి మీద అసూయ ఒక్క పిసరైనా మిగల్లేదు. ఆ చాప నా తల మీద ఉంటే బాగుండేది దేవుడా అనుకున్నాడు. ఇన్నేళ్ళుగా కోరుకున్నదీ ఆ చాపనే.

చివరికి సలీలో లేచి వచ్చింది. చాపను దాటి, నేరుగా వెనక్కి వచ్చింది.

"మీలో అపేలు ఎవరు?"

"నేనేనమ్మా."

"మావాడు ఇంటికొస్తే నీ కబుర్లే చెప్పేవాడు." ఆమె గొంతులో కన్నీళ్ళు లేవు, ఎండిపోయి ఉంది. "కింది మెట్టు మీదకి ఎందుకు దిగాడు? కాయ కోసమేనా? నా కోసమేనా?"

అపేలు తమ్ముడి మీది చాపవైపు చూశాడు. అవునంటే ఇంటి బరువు సగం దిగిపోతుంది, లెమీ తల మీద చాప లేస్తుందేమో కూడా. కానీ ఆ సగం బరువు ఈ తల్లి నెత్తిన పడుతుంది, ఆమె బతికినన్నాళ్ళూ దిగదు. కాదంటే ఆ కత్తి ఎటు లేస్తుందో తెలియదు, దానికి దగ్గరగా ఉన్నది తమ్ముడు.

"లేదమ్మా. నేనే దించాను. పడ్డ కాయ తెచ్చిపెట్టమని నేనే పంపాను. వద్దు బాబాయ్ అన్నాడు, నేను వినలేదు. అల వస్తోందని తెలిసి కూడా కాయే విసిరాను."

ఇయోసెఫో తమ్ముడు పరుగున వచ్చాడు. కత్తి పైకి లేచి, లెమీ మోకాళ్ళ ముందున్న కట్టెల మోపులో దిగబడింది. చెక్కలు ఎగిరి చాప మీద పడ్డాయి. సినపాటి కెవ్వుమంది. చాప కింద మనిషి మాత్రం కదల్లేదు.

"ఆగరా!" అంది సలీలో. కొడుకు ఆగాడు. ఆమె అపేలు ముఖంలోకి చూసింది. "మావాడు దేనికైనా వద్దనడం నేను పుట్టి బుద్ధెరిగి వినలేదయ్యా," అంది నెమ్మదిగా. అతను తనకోసం అబద్ధమాడాడని ఆమెకు తెలిసిపోయింది. అప్పుడొచ్చింది ఆమెకు ఏడుపు. ఏడుస్తూనే ఇంటివైపు తిరిగింది.

"ఏమయ్యా, ఆ చాప తియ్యి. కింద మనిషి ఉడికిపోతున్నాడు. మనకి ఒక్క శవం చాలు."

వేలువా సముద్రం మీంచి చూపు తిప్పాడు. స్తంభం పట్టుకుని లేచాడు. వచ్చి, రెండు చేతులతో చాప తీసి భుజాన వేసుకున్నాడు. "లోపలికి రండి," అన్నాడు.

లెమీ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. లేవబోయాడు. మోకాళ్ళు నిలవలేదు. ఎవరో చెయ్యి అందించబోతే అపేలు వాళ్ళను పక్కకు నెట్టి, తమ్ముడి ముందుకొచ్చి వెనక్కి తిరిగి వంగాడు. అరవై దాటిన నడుం అది, కలుక్కుమంది.

"ఎక్కండి," అన్నాడు.

లెమీకి వెంటనే అర్థం కాలేదు.

"ఎక్కండి, తుయిఫావో గారూ. వాళ్ళ గడప దాకా నేను మోస్తాను."

లెమీ అన్నయ్య మెడ చుట్టూ చేతులు వేశాడు. తడిసిన చెంప వీపుకు తగిలింది. అపేలు లేచి, ఒక్కో అడుగూ చూసుకుని వేస్తూ, ఇయోసెఫో పడుకున్న చోటికి నడిచాడు.