హస్తవాసికి మూలాలు లేవు

ఆయన చనిపోయారని నాకు మొదట చెప్పింది ఒక ఫోను. నా ఫోను కూడా కాదు.

పర్చూరు దగ్గర మా పిన్ని వాళ్ల మిరప కళ్లంలో ఉన్నాం. మిట్టమధ్యాహ్నం. ఎండబెట్టిన కాయల చుట్టూ కూర్చుని, కూలికొచ్చిన ఆడవాళ్లు తాలు కాయలు ఏరి పక్కన పోస్తున్నారు. ఘాటుకి నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతుంటే, "మేడం గారికి పచ్చడి తినడమేగానీ కాయ పడదు" అని ఒకటే నవ్వులు. వాళ్లలో ఒకామెకి పొత్తికడుపులో గడ్డ. పొద్దుటి నుంచీ నడుం పట్టుకునే పని చేస్తోంది. కాసేపటికి లేచి పక్కకి వెళ్లి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. ఆమెకి చదువు రాదు. చదువు రానివాళ్లంతా ఇప్పుడు ఫోనుతో మాట్లాడి పనులు చక్కబెట్టుకుంటున్నారు. ఒంగోలు సర్జను గారి పేరు చెప్పి, "ఆయన ఉన్నారాండీ? ఆస్పత్రి తీసే ఉందాండీ?" అని, ఎదురుగా మనిషి ఉన్నట్టే మర్యాదగా అడిగింది.

ఫోనులో ఆడగొంతు పలికింది. "ఆయన ఒంగోలుకు చెందిన శస్త్రవైద్యుడు. ఆయన మరణించాడు."

చేతులన్నీ ఆగిపోయాయి. "మరణించాడంటందేంటే! గారూ లేదు, గీరూ లేదు. దీని నోరు పడిపోను" అంది ఒక ముసలావిడ. గడ్డ ఉన్నామె మళ్లీ అడిగింది. అదే గొంతు, అవే మాటలు, అంతే ప్రశాంతంగా. ఆమె అక్కడే కూలబడి, "అయ్యో, మా అమ్మని బతికించిన చెయ్యి" అని ఏడవడం మొదలుపెట్టింది.

నేను మాత్రం ఆ ఫోను వైపే చూశాను. ఎందుకంటే ఆ మొదటి వాక్యం నాకు తెలుసు.

గుంటూరులో జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఖాళీ వేళల్లో ఆన్‌లైన్లో ఉండే తెలుగు విజ్ఞాన సర్వస్వానికి పని చేస్తాను. జీతం లేని చాకిరీ. ఫోన్లు జవాబులు చెప్పేది చాలావరకు అందులోంచే. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. రాసేవాళ్లకంటే చెత్త రాసేవాళ్లు ఎక్కువ కాబట్టి నాబోటి వాళ్లం ఊడ్చే పని పెట్టుకున్నాం. అందులో ఎవరికీ గారు తగిలించకూడదని నియమం. ప్రాముఖ్యత లేని మనుషుల మీద పేజీలు ఉండకూడదని ఇంకో నియమం. డాక్టర్ల పేజీలంటే నాకు మరీ మంట. సుప్రసిద్ధుడు, అపర ధన్వంతరి, పేదల పాలిటి పెన్నిధి. తీరా చూస్తే రాసింది వాళ్ల ఆస్పత్రి ప్రచారం కుర్రాళ్లే. తీసి పారేసేదాన్ని.

ఈ సర్జను గారి పేజీ మీద కూడా కళ్లానికి వెళ్లే ముందే తొలగింపు నోటీసు పెట్టి ఉన్నాను. అది నాలుగు లైన్ల పేజీ. ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు, ఒంగోలులో ఎన్నాళ్లుగా ఆపరేషన్లు చేస్తున్నారు, అంతే. చివర, "దర్శి, పర్చూరు ప్రాంతాల ప్రజలు ఆయన హస్తవాసి మంచిదని నమ్ముతారు" అని ఉంది. దాని పక్కన "మూలం చూపండి" అని తగిలించాను. హస్తవాసికి మూలం ఎవడు చూపిస్తాడు? పత్రికల్లో వార్తల్లేవు, అవార్డుల్లేవు, పుస్తకాల్లేవు. ప్రాముఖ్యత లేదు, తొలగించాలి అని రాసి పడేశాను.

మరణించాడన్న వాక్యం నోటీసు తర్వాత వచ్చి చేరినది. సాయంత్రం చూస్తే తేదీ లేదు, ఆధారం లేదు, రాసినవాళ్ల పేరూ లేదు. పోయిన మనిషి గురించి అలా గాలికి రాసి వదిలేస్తారా అని కోపం వచ్చింది. ఆస్పత్రి నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాను.

పెద్దాయన గొంతు. "ఆస్పత్రి లేదమ్మా. డాక్టరు పోయాడు."

"ఎప్పుడండీ?"

పెట్టేస్తారేమో అనుకున్నాను. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అప్పుడు, ఆపుకోలేనట్టుగా, "నొప్పి ఏ వైపమ్మా?" అని అడిగారు.

నేను ఫోను చెవికి ఇంకాస్త అదుముకున్నాను.

"తిన్న తర్వాత వస్తోందా, తినకముందా?"

నేనే ఫోను పెట్టేశాను.

రెండు వారాలకి, ఒక ఆదివారం ఒంగోలు బస్సెక్కాను. కింద ఆస్పత్రి, పైన ఇల్లు. బోర్డు తీసేశారు, గోడ మీద మేకుల గుంటలు మిగిలాయి. కింద వరండాలో రోగులు కూర్చునే బెంచీలు అలాగే ఉన్నాయి. దుమ్ము లేదు. ఎవరో రోజూ తుడుస్తున్నారు. ఎవరూ రాని చోట స్పిరిట్ వాసన మాత్రం వస్తోంది. నన్ను చూసి మెట్ల మీది నుంచి ఒక పెద్దావిడ దిగి వచ్చింది. నుదుటిన రూపాయి కాసంత బొట్టు, చేతినిండా గాజులు. నేను ఆ బొట్టునే చూస్తున్నానని గ్రహించి తల దించుకుంది.

"విజ్ఞాన సర్వస్వం నుంచి వచ్చానండీ" అన్నాను. చెబుతుంటే నాకే నవ్వొచ్చింది, అదేదో పెద్ద ఆఫీసైనట్టు.

పైన కిటికీ తెర కదిలింది. "రానివ్వవే" అన్నారు ఆయన.

ఆవిడ వెనకే పైకి వెళ్లాను. సన్నటి మనిషి. తెల్ల పంచె. కుర్చీలో కూర్చుని ఉన్నారు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని. నాకు మజ్జిగ ఇచ్చింది ఆవిడ. ఆయన గ్లాసు మాత్రం ఆవిడే పట్టుకుని తాగించింది. "చూశావుగా" అని ఆయన ఒక చెయ్యి బయటికి తీసి గాలిలో పెట్టారు. అది దాని మానాన అది వణుకుతోంది. ఆయన దాన్ని పరాయి వస్తువును చూసినట్టు చూశారు.

"ఆఖరి ఆపరేషన్లో ఒకమ్మాయికి నరం తెగింది. నా చేతిలోనే. బతికింది, నా గొప్పేం లేదు. అప్పుడే మానేశాను. మానేశానంటే ఎవడు వింటాడమ్మా? గుంటూరు పొమ్మన్నాను. గేటు దగ్గర పడుకున్నారు. ఇదుగో, వణుకుతోంది చూడండర్రా అని చెయ్యి చూపించాను. ఏమన్నారో తెలుసా? 'వణికినా మీ చెయ్యేగా సారూ' అన్నారు. మీ చెయ్యి తగిలితే చాలంట. ఈ చెయ్యి!"

"గట్టిగా కాదనొచ్చుగదండీ."

"నీకేం, అంటావు" అని విసుక్కున్నారు. "కాళ్లు పట్టుకున్నవాడిని తన్నమంటావా? నాకు కాదనడం రాదు. చిన్నప్పట్నుంచీ రాదు. కాదనడానికి ఒకటే దారి దొరికింది. ఫోన్లకి నా సంగతి ఎక్కడి నుంచి తెలుస్తోందా అని చూస్తే మీ పేజీ. బొటనవేలితో రాశాను. తప్పులు పడుతుంటే దిద్దుకుంటూ రాశాను."

"మీ చావు మీరే రాసుకున్నారా?"

"పనిచేసిందమ్మా!" అన్నారు. ఆ క్షణంలో ఆయన మొహంలో నిజమైన సంతోషం కనిపించింది. "జనం తగ్గిపోయారు. ఊళ్లో వాళ్లకి తెలుసు నేనున్నానని, వాళ్లెటూ పెద్దాస్పత్రులకి పోతారు. పల్లెల వాళ్లే నా బాధ. వాళ్లకి ఫోను చెబితే వేదం."

అప్పుడు అసలు మాట బయటపెట్టారు. నా నోటీసు ఆయన చూశారు. పేజీ పోతే ఫోను దగ్గర ఇంక మ్యాపులో ఉన్న ఆస్పత్రి గుర్తు ఒక్కటే మిగులుతుంది. దాన్ని ఎవరు పెట్టారో తెలియదు, తీయించడం ఆయన వల్ల కాలేదు. "నన్ను గొప్పవాణ్ణి చెయ్యమని అడగడం లేదు. ఆ నాలుగు లైన్లూ ఉండనివ్వు. లేకపోతే వాళ్లొస్తారు. వస్తే నేను చేస్తాను. చేస్తే ఎవరో ఒకరు పోతారు. నా సంగతి నాకు తెలుసు."

ఏం చెప్పను? అబద్ధం కనబడితే కొట్టేయడం నా పని. కానీ కళ్లంలో ఏడ్చినామె, డాక్టరు గారే లేరు కదా అని గుంటూరు పెద్దాస్పత్రికి వెళ్లి, గడ్డ తీయించుకుని ఇంటికి చేరిందని మా పిన్ని అప్పటికే చెప్పింది. ఆ అబద్ధం ఆమెని సరైన చోటికి పంపింది.

ఇంతలో కింద ఆటో ఆగిన చప్పుడు. ఎవరో గేటు తీశారు. ఆవిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది చెయ్యి. "నువ్వు వెళ్లి చెప్పమ్మా. ఎవరొచ్చినా పక్కింటాయనే చెబుతాడు, ఇవాళ ఊళ్లో లేడు. మెళ్లో ఇవి పెట్టుకుని నేనెట్టా చెప్పను?" అంది, మంగళసూత్రాలు గుప్పిట్లో మూసి.

కిందికి దిగాను. దర్శి వైపు రైతు, తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆటోలో ఆయన అల్లుడు పక్కకి ఒరిగి కూర్చున్నాడు.

"అమ్మాయ్, డాక్టరు గారు నిజంగానే పోయారా? ఫోనుదేముందిలే, ఎట్టాగయినా కూస్తది అని వచ్చాం. నువ్వు ఆయన బిడ్డవా?"

పైన కిటికీ తెర వెనక ఆయన ఉన్నారని నా వీపుకి తెలుస్తోంది.

"పోయారండీ" అన్నాను. బిడ్డవా అన్నదానికి తల ఊపాను.

రైతు బెంచీ మీద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. అంత వయసు మగమనిషి అలా ఏడవడం నేను చూడలేదు. గడప తాకి కళ్లకద్దుకున్నాడు. "దినం ఎప్పుడు తల్లీ, మా ఊరంతా వస్తాం" అన్నాడు. అయిపోయిందని చెప్పాను. అల్లుడిని ఆలస్యం చేయకుండా గుంటూరు తీసుకెళ్లమని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఫోనులో ఆడమనిషి గొంతులా, ప్రశాంతంగా.

ఆటో వెళ్లాక పైకి వచ్చాను. ఆయన ఇంకా కిటికీ దగ్గరే ఉన్నారు.

"హెర్నియానా?"

"అనుకుంటానండీ."

"కుడివైపే. కూర్చున్న తీరు చూశాను." తెర ఇంకొంచెం తొలగించి, "బాగా ఏడ్చాడు కదూ" అన్నారు. అడగడం కాదు, రుచి చూసి చెప్పినట్టు. మళ్లీ రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు, ఇంకో ఆటో వస్తుందేమోనన్నట్టు. ఆయన చావాలనుకుంటున్నారో, రోజూ తన చావు వినాలనుకుంటున్నారో నాకు అర్థం కాలేదు. ఆవిడ మాత్రం, "చాల్లెండి, లోపలికి రండి" అని తెర లాగేసింది.

ఇంటికి వచ్చి, నేను పెట్టిన నోటీసు మీద నేనే వాదనకి దిగాను. ఉంచాలి అని రాశాను. మిగతా స్వచ్ఛంద సేవకులు నవ్వారు. ఏమైంది మేడం, ఎండ దెబ్బ తగిలిందా అని ఒకరు. మూలాలేవి అని ఇంకొకరు. పాత పత్రికలు తిరగేశాను. ఒంగోలు, గుంటూరు ఎడిషన్లన్నీ. ఆయన ఒక్క ప్రకటన ఇచ్చిన పాపాన పోలేదు, ఒక్క సన్మానానికి వెళ్లిన జాడ లేదు. చుట్టుపక్కల ఇన్ని పల్లెలు ఆయన చేతిని నమ్ముతాయని రాశాను. "ఇది విజ్ఞాన సర్వస్వం, మొక్కులు చెల్లించే చోటు కాదు" అని జవాబొచ్చింది. అది నా మాటే. ఇంకో డాక్టరు పేజీ కొట్టేస్తూ నేను రాసిన మాటని తెచ్చి నా మొహాన కొట్టారు.

ఒకాయన మాత్రం సూటిగా అడిగారు. "మరణానికైనా మూలం ఉందా?"

ప్రపంచం మొత్తం మీద ఆ చావుకి సాక్షిని నేనే. వరండాలో నిలబడి నా నోటితో చెప్పాను. ఉందని రాయలేకపోయాను. బతికే ఉన్నారని రాయడానికీ వేళ్లు రాలేదు.

పేజీ తీసేశారు. ప్రాముఖ్యత లేదు అని ఒక్క లైను.

మూడో రోజో నాలుగో రోజో, కాలేజీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, నా ఫోనుని నోటి దగ్గర పెట్టుకుని ఆయన పేరు చెప్పి అడిగాను. ఉన్నారా అని.

అదే ఆడగొంతు. "ఆస్పత్రి ఒంగోలులో ఉంది. ఇప్పుడు తెరిచి ఉంది."

వెంటనే ఆ ఇంటికి ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తింది.

"ఎవరొచ్చినా గేటు తీయకండమ్మా" అన్నాను.

"వచ్చేశారు" అంది. "చీమకుర్తి అవతల నుంచంట. కోడలు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది. ట్రాక్టర్లో పడుకోబెట్టి తెచ్చారు."

"పోయారని చెప్పలేకపోయారా?"

"చెబుదామనే దిగాను. ఈయన కిటికీ తెర తీసి నిలబడ్డారమ్మా. ఆయన్ని చూసి వాళ్లంతా దణ్ణాలు పెట్టారు. బతికే ఉన్నాడయ్యా దేవుడు అని అరుస్తున్నారు."

"అంబులెన్సుకి ఫోన్ చేయండి. ఇప్పుడే."

"వచ్చింది. వాళ్లు ఎక్కనంటున్నారు. ఆయన చెయ్యే కావాలంట."

"ఆయనేరీ? ఆయనకివ్వండి ఫోను. నేను మాట్లాడతాను."

వెనక నీళ్లు పడుతున్న శబ్దం వస్తోంది, ఆగకుండా.

"ఇవ్వలేనమ్మా" అంది చివరికి. "చేతులు కడుక్కుంటున్నారు."

నేనేదో అనబోయాను. అవతల కొళాయి కట్టేశారు.